ఎండవైపు టైర్లు

చిలకలూరిపేట,
2 ఆగస్టు 2024

ఒరేయ్ నతానియేలూ,

ప్రభువు నిన్ను చల్లగా కాపాడుతున్నాడన్న నమ్మకంతో ఈ కాగితం మొదలుపెట్టాను. ఇక్కడ నేను, మన టైర్ల షాపు, పక్కన బుల్లయ్య టీ బంకు, అందరం బాగానే ఉన్నాం. ఇంక నీ సంగతికొద్దాం.

నేను ఫోన్ ఎత్తట్లేదని బుల్లయ్యకి చేసి కంగారుపడ్డావంట. ఆ ఫోను పంచర్ తొట్టిలో పడిందిరా. ట్యూబు ముంచి బుడగలు చూస్తుంటే బొడ్లో దోపుకున్నది జారి నీళ్ల పాలయింది. బియ్యంలో పెట్టా, ఎండలో పెట్టా, లాభం లేదు. కొత్తది కొనుక్కోమంటావేమో, నాకొద్దు. ఫోన్లో "తిన్నావా, పడుకున్నావా" తప్ప నువ్వేం మాట్లాడతావు గనక? ఉత్తరం రాయి. అందులో అయినా నాలుగు ముక్కలు కుదురుగా చెప్తావు. బుల్లయ్యకి మాత్రం మాటిమాటికీ చెయ్యమాక, బేరాల టైంలో విసుక్కుంటున్నాడు.

అసలు నువ్వక్కడ చేసే పనేందో నాకు ఇప్పటికీ బుర్రకెక్కలేదు. మొన్న చర్చిలో పాస్టరమ్మగారు అడిగితే "కారు పందేల్లో టైర్లు చూస్తాడండి" అన్నా. "చూస్తే జీతం ఇస్తారా?" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క కారుకి నాలుగే గదా టైర్లు, దానికింత మందెందుకురా? విడమరిచి రాయి, వచ్చే ఆదివారం ఆవిడ నోరు మూయించాలి.

వానలు పడి మిరప నారు పోశారు ఊళ్లల్లో. లారీలు పలచగానే ఉన్నాయి. పొద్దున షట్టర్ ఎత్తగానే అలవాటు కొద్దీ బుల్లయ్యకి రెండు టీలు చెప్తున్నా. అతను కూడా అలవాటు కొద్దీ రెండూ ఇస్తున్నాడు. నీది కూడా నేనే తాగుతున్నా, పైత్యం చేసి చస్తున్నాను.

వేళకి తిను.

నీ అక్క,
క్రిస్టీనా

&nbsp;

కోయంబత్తూరు,
14 ఆగస్టు 2024

అక్కకి,

వందనాలు. నీ ఉత్తరం చేతికందగానే కవరు వాసన చూశాను. గ్రీజు, మిరపకాయ, బుల్లయ్య టీ పొడి, మొత్తం పేట వాసనే. రూములో ఉన్న తమిళ కుర్రాడు నన్ను పిచ్చోడిలా చూశాడు.

పాస్టరమ్మగారికి ఇలా చెప్పు. మా కారు టైరుకి గీతలుండవు. కొత్తదే నున్నగా వస్తుంది. పొడి రోడ్డు మీద ఎంత రబ్బరు నేలకి ఆనితే అంత పట్టు, గీత పెడితే ఆ మేరకు పట్టు పోయినట్టే. వాన పడితే వేరే టైర్లు, వాటికి గీతలుంటాయి. ఈ నున్నటి టైరు చల్లగా ఉంటే జారుతుంది, మరీ కాలితే పొక్కులొచ్చి మళ్లీ జారుతుంది. మధ్యలో ఒక వేడి ఉంది. ఆ వేడిలో ఉన్నంతసేపే అది నేలని కరిచి పట్టుకుంటుంది. పోటీ మొదలు నుంచి చివరిదాకా టైరుని ఆ వేడి దగ్గర నిలబెట్టడమే నా పని.

గాలి సంగతి వింటే నవ్వుతావు. లారీ టైరుకి నూట ఇరవై పౌన్లు పట్టించిన ఈ చేతులతో ఇక్కడ ఇరవై కూడా పట్టించను. పరిగెత్తే కొద్దీ టైరు వేడెక్కి లోపలి గాలి తనంతట తనే పెరుగుతుంది గదా, ఎంత పెరుగుతుందో ముందే లెక్కేసి తక్కువతో పంపిస్తాం. కారు లోపలికి రాగానే రబ్బరులో సూది గుచ్చి లోపలి అంచున, నడుమ, బయటి అంచున వేడి చూస్తాను. నడుమ ఎక్కువ కాలితే గాలి ఎక్కువైనట్టు. రెండంచులూ కాలితే తక్కువైనట్టు. ఒక్క అంచే కాలితే చక్రం వాలు సరిగా లేనట్టు. మూడుచోట్లా దగ్గరదగ్గరగా ఉంటే మా ఇంజనీరుగారు ఏమీ అనరు, ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే.

ఇంకోటి. కొత్త టైరుని మొదటిసారే గట్టిగా తోలకూడదు. మెల్లగా వేడెక్కించి, విప్పి, ఒక రోజంతా నీడలో వదిలెయ్యాలి. అలా విశ్రాంతి తీసుకున్న టైరే ఎక్కువసేపు పట్టు నిలుపుతుంది. తొందరపడితే మొదటి పోటీకే చచ్చిపోతుంది.

అక్కా, ఇక్కడ అందరూ మర్యాదగా మాట్లాడతారు. నన్ను ఒక్కరూ తిట్టరు. మూడు నెలలైంది నీ కేక వినక. లారీ ఎంత దూరంలో ఉన్నా డ్రైవరు ఉలిక్కిపడేలా అరుస్తావు చూడు, ఆ కేక కోసం చెవులు కోసుకుంటున్నాను. అందుకే నువ్వు వద్దన్నా కొత్త ఫోన్ పార్సిల్ చేశాను. అందగానే చెయ్యి.

నీ తమ్ముడు,
నతానియేలు

&nbsp;

చిలకలూరిపేట,
29 ఆగస్టు 2024

ఒరేయ్ దొరబాబూ,

నీ ఫోను అందింది. అందింది అందినట్టే తిప్పి పంపించేశా, కోపం తెచ్చుకోమాక. అంత నాజూకు వస్తువు ఈ గ్రీజు చేతుల్లో వారం కూడా బతకదు. నువ్వే వాడుకో. నాకు ఉత్తరాలే బాగున్నాయి. నీ ఉత్తరం అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చదువుతున్నా.

అయితే కొత్త టైరే గుండుతో వస్తుందా! ఇక్కడ గుండు టైరుతో లారీ రోడ్డెక్కితే బ్రేకు ఇన్‌స్పెక్టరు గల్లా పట్టుకుంటాడు. బుల్లయ్యకి చదివి వినిపిస్తే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. పాస్టరమ్మగారికి కూడా చెప్పా. సూది గుచ్చి జ్వరం చూస్తాడంటే మాత్రం నోరెళ్లబెట్టింది. "అయితే కాంపౌండర్ ఉద్యోగమన్నమాట" అంటూ చేత్తో సూది వేసినట్టు చూపించింది. పోన్లే, నర్సమ్మల కంటే తక్కువేం కాదన్నా.

షాపులో నేనూ పద్ధతి మార్చా. ఇనప రాడ్డుతో టైరు కొట్టి చప్పుడుని బట్టి గాలి చెప్పేదాన్ని గదా, అది మానేశా. ఇప్పుడు ఇంకో చెయ్యి టైరు మీద ఆనించి కొడుతున్నా. అరచేతికి అదురు తెలుస్తుంది. అంతే నిక్కచ్చిగా వస్తోందిలే.

ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. మొన్నామధ్య బుల్లయ్యతో మాట్లాడినప్పుడు మెహర్ గారు అంత స్పీడు, మెహర్ గారు ఇంత ధైర్యం అని ఒకటే గోలంట. ఎవర్రా ఆ అమ్మాయి? నీకు మనసైతే దాపరికం దేనికి? నేనేమన్నా కాదంటానా? ఏ మతమైనా నాకు అభ్యంతరం లేదు, నీకు తిండి పెట్టి నిన్ను తిట్టగలిగితే చాలు.

నువ్వు చెప్పిన కొత్త టైరుని నీడలో పడుకోబెట్టినట్టు నిన్ను నువ్వు కూడా ఆదివారం పూట కాస్త పడుకోబెట్టుకో.

నీ అక్క,
క్రిస్టీనా

&nbsp;

కోయంబత్తూరు,
15 సెప్టెంబరు 2024

అక్కకి,

మెహర్ గారు మా కారు డ్రైవరు. హైదరాబాదు అమ్మాయి. ఆవిడకి ఆవిడ పోటీ తప్ప ఇంకేదీ కనపడదు, నేను కనపడే ప్రశ్నే లేదు. నీ పెళ్లి బేరాలు కట్టిపెట్టు.

ఆవిడ గురించి అంతగా ఎందుకు చెప్పానంటే, మాకొక చిక్కొచ్చింది. ఎడమవైపు వెనక టైరు సగం పోటీ దాటగానే మితిమీరి కాలిపోతోంది. మొదటి చుట్ల నుంచే ఆవిడ గట్టిగా తోలుతుంది. ముందుకెళ్తుంది, చప్పట్లు పడతాయి, ఆఖరి చుట్లలో పట్టు పోయి ఒక్కొక్కరూ దాటిపోతారు. మొదట్లో టైరుని దాచుకుంటే చివర్లో పనికొస్తుందని నేనంటాను. "వెనకబడి ఉండమంటావా?" అని ఆవిడ మండిపడుతుంది. వాలు కాస్త మార్చాం, గాలి కాస్త తగ్గించాం. కొంచెం నయమే గానీ కుదుట పడలేదు. నవంబరులో ఆఖరి పోటీ. అప్పటికి ఈ టైరు దారికి రాకపోతే వచ్చే ఏడాది నన్ను ఉంచుకుంటారో లేదో తెలీదు.

సరే, ఇదంతా పక్కన పెట్టు. ఫోను తిప్పి పంపించావు. కవరు కూడా చింపలేదు. నాజూకు వస్తువంటావు, పది టన్నుల జాకీ తిప్పే నీకు నాజూకు అడ్డమొచ్చిందా? నా మీద కోపమా అక్కా? నాన్న పెట్టిన షాపు నీ నెత్తిన వదిలేసి వచ్చేశాననా? బస్సెక్కేటప్పుడు నువ్వు నవ్వుతూనే పంపించావు. ఆ నవ్వు నా కోసం తెచ్చిపెట్టుకున్నదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక్కటే అడుగుతున్నాను. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక బుల్లయ్య ఫోన్ నుంచి ఒక్కసారి మాట్లాడు. తిట్టినా సరే. నీ గొంతు వినాలని ఉంది.

నతానియేలు

&nbsp;

చిలకలూరిపేట,
28 సెప్టెంబరు 2024

నతానియేలూ,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఆదివారం దాటిపోయింది. దాటకపోయినా కుదిరేది కాదులే, నాకు తీరిక ఎక్కడిది?

నీ మీద నాకు కోపమేందిరా పిచ్చోడా! షాపు నీకోసం ఎదురుచూట్టం లేదు, నేను చూసుకుంటున్నా. నువ్వు నీ టైరు సంగతి చూడు. ఇంటి మీద మనసు పెట్టుకుంటే అక్కడ చెయ్యి తప్పుతుంది. ఆఖరి పోటీ అయ్యేదాకా ఇటు రామాక. ఆ తర్వాత కూడా నేను చెప్పినప్పుడు వద్దువు గాని.

ఆ పిల్లతో గొడవ పెట్టుకోమాక. ఆవిడ ప్రాణం ఆ నాలుగు టైర్ల మీదుంది. వినేలా చెప్పు, అరవమాక.

వానలు బాగా పడుతున్నాయి. పత్తి చేలు పచ్చగా ఉన్నాయి. ఒంటరిగా అన్నం తినాలంటే సహించట్లేదు గానీ, తింటున్నాలే.

నీ అక్క,
క్రిస్టీనా

&nbsp;

కోయంబత్తూరు,
20 అక్టోబరు 2024

అక్కా,

ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. రాయకపోతే నా మనసు నిలవట్లేదు.

పదకొండో తారీఖు పొద్దున్నే నేను పేటలో ఉన్నాను. రెండు రోజులు సెలవు దొరికితే నీకు చెప్పకుండా బస్సెక్కాను. నువ్వు రావద్దన్నా వచ్చాను, ఎందుకంటే ఇంక ఆగలేకపోయాను. సందులోంచి షాపు వెనక వైపుకొచ్చాను. నువ్వు అటు తిరిగి కూర్చుని ట్యూబుకి ప్యాచీ రుద్దుతున్నావు. కంప్రెసర్ ఆగి ఉంది. రోడ్డు మీద లారీ కూడా లేదు. బుల్లయ్య ఇంకా బంకు తెరవలేదు. పది అడుగుల దూరంలో నిలబడి నిన్ను పిలిచాను. మళ్లీ పిలిచాను. మూడోసారి కూడా పిలిచాను. నువ్వు చెయ్యి ఆపలేదు, తల తిప్పలేదు.

నాన్న పద్ధతి నాకు తెలీదా అక్కా? ఎవరి మీదైనా మనసు విరిగితే నాన్న ఒక్క మాట అనేవాడు కాదు. వాళ్లొచ్చి పిలుస్తుంటే వీపు చూపించి పని చేసుకుంటూ పోయేవాడు. వచ్చినవాళ్లే అర్థం చేసుకుని వెళ్లిపోవాలి. బాబాయి అలా వెళ్లిపోయి, చనిపోయేదాకా మన గడప తొక్కలేదు. నాన్న బాబాయికి చూపించిన వీపు నువ్వు నాకు చూపించావు. ఇంక ముందుకొచ్చి నీ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. వెనక్కి నడిచి వెళ్లి, ముందొచ్చిన బస్సు ఎక్కేశాను. దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను, పక్కసీటు ముసలావిడ మంచినీళ్లిచ్చింది.

నిన్నటి పోటీలో చెయ్యి తప్పింది. టైర్లు బయట పేర్చి ఉన్నాయి. కుడివైపువి ఎండలో, ఎడమవైపువి షెడ్డు నీడలో. ఎండకి గాలి పొంగి కుడివైపు గేజు ఎక్కువ చూపించింది. అది ఎండ చూపించే లెక్కని నాకు తట్టలేదు. నాలుగూ సమానం చెయ్యాలని అటువైపు గాలి తీసేశాను. కారు మొదటి మలుపులోనే అడ్డం తిరిగి కంకర్లోకి పోయింది. మెహర్ గారికి దెబ్బ తగల్లేదు, దేవుడు కాపాడాడు. ఆవిడ హెల్మెట్ తీసి నా వైపు ఒక్క చూపు చూసి వెళ్లిపోయింది. ఆఖరి పోటీ వరకు ఉండు, తర్వాత చూద్దామన్నారు మేనేజరు.

నేను ఉండదలుచుకోలేదు. ఈ నెలాఖరుకి మానేస్తాను. ఇంటికొస్తానని మాత్రం అనను, నాకు ఇల్లెక్కడుంది? ఎక్కడైనా బతుకుతాను.

నతానియేలు

&nbsp;

చిలకలూరిపేట,
25 అక్టోబరు 2024

ఓరి నా పిచ్చి తండ్రీ,

నీ ఉత్తరం చదివి గుండె బాదుకున్నాను. బుల్లయ్య పరిగెత్తుకొచ్చాడు. ఏమైందని అడిగి ఉంటాడు. అతని నోరు ఆడటం కనిపించింది గానీ మాట నాకు వినపడలేదు. నాకు వినపడదురా నతానియేలూ. చెవులు పోయినయి.

జూన్ ఆఖర్లో, నువ్వు వెళ్లిన కొత్తల్లోనే. పత్తి బేళ్ల లారీ స్టెప్నీకి గాలి పట్టిస్తున్నా. పాత టైరు, పక్కన చిట్లి ఉంది, నేను గమనించలా. పేలింది. రిమ్ము రింగు రేకుల కప్పు చీల్చుకుని పోయింది. నా ఒంటి మీద గీత పడలేదు. లేచి చూస్తే లోకమంతా నోరు ఆడిస్తోంది, చప్పుడు లేదు. గుంటూరు డాక్టరు గారు చూసి ఎడమది పూర్తిగా పోయింది, కుడివైపు కాస్త మిగిలింది, చెవికి మిషను పెట్టి చూద్దాం అని కాగితం మీద రాసి చూపించారు. నేను ఇంతవరకు పెట్టుకోలా. పెట్టుకున్నాక కూడా వినపడకపోతే ఏం చెయ్యనురా? పెట్టుకోనంతసేపు కొంచెం ఆశయినా ఉంటుంది గదా.

నీకు తెలిస్తే ఆ రోజే బస్సెక్కి వచ్చేస్తావు. నువ్వేంటో నాకు తెలుసు. చిన్నప్పుడు రబ్బరు గొట్టంతో కారు బొమ్మ చేసుకుని ఊరంతా తోలిన పిల్లోడివి. నాకోసం ఇక్కడికొచ్చి మళ్లీ పంచర్లు వేసుకుంటే చూడలేను. అందుకే నీకు చెప్పొద్దని ఊరంతా కట్టడి చేశా. వాళ్లన్న మాటలని నీకు రాసినవన్నీ వాళ్లు కాగితం మీద రాసి చూపించినవే. ఫోను తొట్టిలో పడ్డమాట అబద్ధం, నేనే పెట్టెలో దాచేశా. మోగితే తెలీదు, ఎత్తితే నువ్వు మాట్లాడింది తెలీదు. నువ్వు పంపిన కొత్త ఫోను పార్సిల్‌ని విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని ఆ సాయంత్రం ఏడ్చి, తెల్లారి తిప్పి పంపా. రావద్దని రాసింది కూడా అందుకే. నువ్వేమో కోపమనుకున్నావు.

నీకు వీపు చూపించానా నేను? నాన్న పద్ధతి నాకు ఏనాడూ నచ్చలేదు. బాబాయి వెళ్లిపోయిన రోజు పెరట్లో కూర్చుని ఏడ్చింది నేనేరా. నువ్వు పది అడుగుల దూరంలో ఉన్నావా? అయ్యో, ఒక్కసారి భుజం మీద చెయ్యి వేసి ఉంటే ఎంత బాగుండేది! ఎండలో ఉన్న టైరు చల్లారేదాకా గేజు పెట్టకూడదని నేను నీకు ఎన్నిసార్లు మొత్తుకున్నా! అక్కకి కూడా అలాగే తొందరపడి గేజు పెట్టి, కోపం ఇంతుందని తేల్చేసి బస్సెక్కేశావు గదరా.

ఇప్పుడు నా మాట విను. పని మానమాక. ఆ పిల్ల నీ మీద నమ్మకంతో మలుపులోకి పోతుంది. వెళ్లి తప్పు నాదేనని ఒప్పుకో. ఆఖరి పోటీకి టైర్లు సరిచేసి ఆవిణ్ణి పంపు. ఆ తర్వాత రా. నేను రమ్మంటున్నా, ఇంక దాచను. నువ్వు లేక ఈ షాపు, ఈ ఇల్లు, ఈ అన్నం ఏదీ బాగోలేదు.

ఒకటి అడుగుతా, సిగ్గుపడకుండా రాయి. ఆ రోజు ఎలా పిలిచావురా నన్ను? నాకు దక్కకుండా పోయిన ఆ పిలుపు ఎలా ఉందో రాసి పంపు, చదువుకుంటాను.

నీ అక్క

&nbsp;

కోయంబత్తూరు,
18 నవంబరు 2024

అక్కా,

మొదట నాకు కోపమొచ్చింది. నీ మీద, బుల్లయ్య మీద, పాస్టరమ్మగారి మీద, ఊరంతటి మీద. ఐదు నెలలు నువ్వొక్కదానివే దీన్ని మోసి, నాకు గుండు టైర్ల కబుర్లతో జోకులు రాశావు. నిన్ను పట్టుకుని చెడామడా తిట్టాలనుకున్నాను. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని నీ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని మళ్లీ మొదటినుంచి చదువుకున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మెహర్ గారి దగ్గరికెళ్లి, మనసు ఊళ్లో అక్క మీద పెట్టుకుని ఎండవైపు టైర్లకి గేజు పెట్టాను, తప్పు నాదేనన్నాను. మీ అక్కకి ఎలా ఉందని అడిగింది. అప్పటిదాకా ఆవిడకి నేను కనపడనే అనుకున్నాను. మొదటి చుట్లు మెల్లగా తోలితే చివర్లో టైరు మీ మాట వింటుందని మళ్లీ చెప్పాను. ఈసారి వాదించలేదు.

నిన్న ఆఖరి పోటీ. టైర్లన్నీ ముందురోజు వేడెక్కించి నీడలో పడుకోబెట్టాం. ఎండ మొహం చూడనివ్వలేదు. మొదట్లో ఆవిడ ఐదో స్థానానికి పడిపోయింది, మావాళ్లు తల పట్టుకున్నారు. సగం దాటాక ముందున్నవాళ్ల టైర్లు కాలిపోయి జారడం మొదలుపెట్టాయి. మాది నేలని కరుచుకునే ఉంది. ఒక్కొక్కరినీ దాటి రెండో స్థానంలో వచ్చింది. కారు ఆగగానే ఎడమ వెనక టైరుకి సూది పెట్టాను. మూడుచోట్లా వేడి దాదాపు ఒక్కటే. ఇంజనీరుగారు చూసి ఏమీ అనలేదు. వచ్చే ఏడాదికి ఉండమని మేనేజరు అడిగారు. మా అక్కని అడిగి చెప్తానన్నాను. వెళ్లాలా వద్దా అన్నది మనిద్దరం మొహాలు చూసుకుంటూ తేలుద్దాం.

గుంటూరు డాక్టరు దగ్గరికి కూడా ఇద్దరం కలిసే వెళ్దాం. మిషను పెట్టుకుంటే వినపడొచ్చు, పడకపోవచ్చు. వినపడకపోతే నువ్వొక్కదానివే ఆ కుర్చీలో కూర్చుని ఉండవు, అంతవరకే నేను మాటివ్వగలను.

ఎలా పిలిచానని అడిగావు. మొదటిసారి మామూలుగా "అక్కా" అన్నాను, నువ్వు ఉలిక్కిపడకుండా. రెండోసారి, చిన్నప్పుడు బడి నుంచి ఆకలితో వచ్చి గుమ్మంలోంచి అరిచేవాణ్ణి చూడు, అలా "అక్కోయ్" అని సాగదీశాను. మూడోసారి ఎంత మెల్లగా అన్నానంటే నాకే సరిగా వినపడలేదు. అందులో నువ్వు పోగొట్టుకున్నదేం లేదు.

శుక్రవారం పొద్దున్నే దిగుతాను. ఈసారి వెనక సందులోంచి రాను. రోడ్డు అవతల దిగి, నీకు ఎదురుగా నడిచి వస్తాను. నువ్వు పనిలో ఉంటే పిలవను. నీ ముందే నిలబడతాను, నువ్వు తల ఎత్తేదాకా.

నీ తమ్ముడు,
నతానియేలు